కరువు సీమలో కంప్యూటర్ సంరక్షణ: కరెంటు, ఎండ, దుమ్ములకు విరుగుడు

అనంతపురం: కంప్యూటర్ కొనదలచినవారు దుకాణంలో ముందుగా అడిగేది ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని. అనంత పీఠభూమిలో నివసించేవారు అంతకంటే ముందు తమ ఇంటిని చూసుకోవాలి. గోడకు ఉన్న ప్లగ్గులో ఎర్తింగ్ పనిచేస్తోందా? వేసవిలో ఆ గది ఎంత వేడెక్కుతుంది? కిటికీ ఏ దిక్కున ఉంది? ఈ మూడు సంగతులు తేలిన తర్వాతే యంత్రం ఎంపిక. ఇక్కడ కంప్యూటర్లు కాలం తీరి మూలపడటం కంటే కరెంటుకు, ఎండకు, దుమ్ముకు ముందుగానే బలికావడానికి కారణాలు ఎక్కువ.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయినా గుత్తి నుంచి హిందూపురం వరకు ఎర్రనేల, ఎండ, గాలి మారలేదు. మారినదల్లా యంత్రంతో అవసరం. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైన తర్వాత ధ్రువపత్రం మొదలు పంటల నమోదు వరకు ప్రతి పనీ కంప్యూటర్‌తో ముడిపడింది. పల్లెలో యంత్రం ఒక పూట మొరాయిస్తే పది మంది రైతులు వెనుదిరగవలసి వస్తుంది. పట్టణంలో హార్డ్ డిస్క్ చెడితే విద్యార్థి ఏడాది ప్రాజెక్టు, ఫొటో స్టూడియోవారి పెళ్లి ఆల్బమ్‌లు ఒక్కసారిగా పోతాయి. తగిన జాగ్రత్తలకు అయ్యే ఖర్చు, పోయినదాన్ని తిరిగి రాబట్టేందుకు అయ్యే ఖర్చులో కొంత మాత్రమే.

ఎండిన నేలలో ఎర్తింగ్

కంప్యూటర్ ఇనుప పెట్టెను తాకినప్పుడు వేలికి జిల్లుమనడం చాలామందికి అనుభవమే. దీన్ని యంత్రం లోపంగా భావించి సర్వీసు కేంద్రానికి మోసుకెళ్తారు. సాధారణంగా లోపం యంత్రంలో కాదు, గోడలో ఉంటుంది. కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్ లో విద్యుత్ ప్రవాహపు కల్మషాన్ని వడకట్టేందుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి స్వల్పమైన కరెంటును ఎర్త్ తీగ ద్వారా నేలలోకి పంపుతాయి. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు వెళ్లే దారిలేక పెట్టెపైనే నిలుస్తుంది. అప్పుడు పెట్టెకు, నేలకు మధ్య మెయిన్స్ వోల్టేజీలో దాదాపు సగం కనిపిస్తుంది. కరెంటు పరిమాణం తక్కువ గనుక మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. కానీ యూఎస్‌బీ పోర్టుకు ప్రింటరో, ఫోనో తగిలించినప్పుడు అదే కరెంటు సున్నితమైన చిప్‌లను కాల్చివేయగలదు.

నేల ఎంత తడిగా ఉంటే ఎర్తింగ్ అంత బాగా పనిచేస్తుంది. ఇక్కడి ఎర్రనేలలు లోతు తక్కువ. కొద్ది అడుగుల కింద రాయి తగిలే చోట్లు అనేకం. ఫిబ్రవరి దాటితే తేమ ఇంకిపోయి నేల నిరోధం పెరుగుతుంది. వానాకాలంలో చక్కగా ఉన్న ఎర్తింగే మే నెలలో పేరుకు మాత్రమే ఉంటుంది. అందుకే బొగ్గు, ఉప్పు పొరలుగా వేసిన పాత పద్ధతి ఎర్త్ గుంతలో వేసవి పొడవునా వారానికి ఒకటి రెండు సార్లు నీళ్లు పోయాలి. ఉప్పు కాలక్రమేణా ఇనుప గొట్టాన్ని తినివేస్తుంది కనుక కొన్నేళ్లకోసారి తవ్వి చూడటం మేలు. కొత్తగా వేయించేవారు తేమను పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి రకపు మిశ్రమాన్ని వాడవచ్చు. రాయి తగిలిన చోట దూరదూరంగా రెండు గుంతలు తీసి కలపడం, లేదా పట్టీని అడ్డంగా పరచడం అనుసరించదగిన మార్గాలు. దేశంలో ఎర్తింగ్‌కు ప్రమాణం ఐఎస్ 3043.

రెండు తప్పులు చేయరాదు. మూడో రంధ్రాన్ని న్యూట్రల్ తీగకు కలిపివేయడం ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే పెట్టె మొత్తానికి పూర్తి కరెంటు వస్తుంది. అలాగే నీటి గొట్టానికి ఎర్త్ తీగ చుట్టడం. ఇప్పటి గొట్టాలు ప్లాస్టిక్‌వి కావడంతో అది ఎర్త్ కానే కాదు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూస్తే నిజం తెలుస్తుంది. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య వచ్చే వోల్టేజీ, ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య వచ్చేదానికి దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య రెండు మూడు వోల్టులకు మించరాదు.

వోల్టేజీ హెచ్చుతగ్గులు

ఇళ్లకు రావలసిన వోల్టేజీ 230. ఒకే లైనుపై మోటార్ల భారం పెరిగినప్పుడు ఇది పడిపోతుంది. అన్నీ ఒక్కసారి ఆగినప్పుడు పెరుగుతుంది. తక్కువ వోల్టేజీకి ల్యాప్‌టాప్ భయపడనవసరం లేదు. దాని అడాప్టర్‌పై 100-240 వోల్టులు అని ముద్రించి ఉంటే ఆ మేరకు అది తనంతట తానే సర్దుకుంటుంది. అలాంటి అడాప్టర్‌కు ప్రత్యేకంగా స్టెబిలైజర్ కొనడం వృథా.

అసలు ప్రమాదం ఎక్కువ వోల్టేజీతో. ట్రాన్స్‌ఫార్మర్ వద్దనో, స్తంభంపైనో న్యూట్రల్ తీగ తెగితే వీధిలోని ఇళ్లు రెండు ఫేజ్‌ల మధ్య చిక్కుకుంటాయి. రెండు ఫేజ్‌ల మధ్య వోల్టేజీ దాదాపు 400. తక్కువ సామగ్రి నడుస్తున్న ఇంటికి అందులో ఎక్కువ వాటా వెళ్తుంది. ఒకే రాత్రి వీధిలోని టీవీలు, చార్జర్లు కాలిపోయాయంటే సాధారణంగా కారణమిదే. స్పైక్ గార్డ్ దీన్ని ఆపలేదు. అది సెకనులో అతి చిన్న వంతు పాటు వచ్చే తాకిడిని మాత్రమే పీల్చుకుంటుంది, తాకిడి తగిలిన ప్రతిసారీ లోపల కొంత అరిగిపోతుంది. సూచిక దీపం ఆరిన స్పైక్ గార్డ్ కేవలం ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్. న్యూట్రల్ తెగినప్పుడు రక్షించేది హద్దు మీరగానే సరఫరాను కత్తిరించే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. మీటరు బోర్డు వద్ద ఒకటి పెట్టించుకుంటే ఇంటికంతటికీ రక్షణ.

దీపాలు ఉన్నట్టుండి మిరుమిట్లు గొలిపినా, ఒక గదిలో మందగించి మరో గదిలో ప్రకాశించినా వెంటనే మెయిన్ ఆపివేసి 1912 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ కేంద్రంగా గల సీపీడీసీఎల్ పరిధిలో ఉన్న ఈ ప్రాంతం 2014 నుంచి తిరుపతి కేంద్రంగా గల ఎస్పీడీసీఎల్ పరిధిలో ఉంది. పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణంలోనూ తాకిడి ఎక్కువ. కోత సమయంలో ప్లగ్గు తీసి, సరఫరా వచ్చిన నాలుగైదు నిమిషాల తర్వాత పెట్టడం ఉత్తమం.

యూపీఎస్, ఇన్వర్టర్

డెస్క్‌టాప్ వాడేవారికి యూపీఎస్ తప్పనిసరి. పెట్టెపై రాసిన 600 వీఏ అన్న సంఖ్య చూసి 600 వాట్ల భారం మోస్తుందనుకోరాదు. ఈ తరగతి యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల వరకే మోయగలవు. అందులో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిలువ ఉండే శక్తి 84 వాట్-అవర్లు. నష్టాలు పోగా 120 వాట్ల కంప్యూటర్‌కు 15 నుంచి 20 నిమిషాలు వస్తుంది. పనిని భద్రపరిచి సక్రమంగా ఆపడానికే ఈ సమయం. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు కలపరాదు. కాగితంపై పొడిని వేడిచేసే క్షణంలో అది వందల వాట్లు లాగుతుంది. యూపీఎస్ బ్యాకప్ లైన్‌పై ప్రింటర్ ఉంటే ముద్రణ మొదలవగానే కంప్యూటర్ కూడా ఆరిపోవచ్చు.

యూపీఎస్ బ్యాటరీకి ఎండ బద్ధశత్రువు. 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది తయారీదారులు అంగీకరించిన లెక్క. రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో పెట్టిన యూపీఎస్ బ్యాటరీ రెండేళ్లు తిరగకముందే చేతులెత్తేయడానికి కారణమిదే. నేలమీద, నీడలో, గాలి తగిలే చోట ఉంచాలి. మార్చి నెలలో ఒకసారి ప్లగ్గు తీసి ఎన్ని నిమిషాలు నిలబడుతుందో పరీక్షిస్తే వేసవికి ముందే బ్యాటరీ మార్చుకోవచ్చు.

ఇంటి ఇన్వర్టర్‌పై కంప్యూటర్ నడిపేవారు రెండు సంగతులు చూడాలి. ఒకటి, అది ప్యూర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి. చవకగా దొరికే స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లతో మంచి ఎస్ఎంపీఎస్‌లు వేడెక్కుతాయి, కొన్ని ఆగిపోతాయి. రెండోది, వెనుక యూపీఎస్ మోడ్ మీట ఉంటే దాన్ని వాడాలి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మరీ తక్కువ వోల్టేజీని సైతం లోపలికి వదులుతుంది, బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ లోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయరాదు. బోరు నీటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. వేసవిలో నెలకోసారి మట్టం చూడాలి.

పైకప్పుపై సోలార్ ఉన్నా

నంబులపూలకుంటలో భారీ సౌర విద్యుత్ పార్కు వెలసిన ప్రాంతమిది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇళ్ల కప్పులపైకీ పలకలు వచ్చాయి. పట్టపగలు కరెంటు పోయినా సోలార్ ఉందిగదా అని ధీమాగా ఉండేవారు ఒక విషయం గమనించాలి. లైనుతో ముడిపెట్టిన గ్రిడ్-టై ఇన్వర్టర్, లైనులో సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. స్తంభంపై మరమ్మతు చేసే లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం ఉద్దేశించిన ఏర్పాటు ఇది. కోత సమయంలోనూ కంప్యూటర్ నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ గానీ, విడిగా యూపీఎస్ గానీ ఉండవలసిందే.

పిడుగుల కాలం

ఏప్రిల్, మే మధ్యాహ్నాల ఉరుముల వానల నుంచి అక్టోబరు వరకు పిడుగుల భయం ఉంటుంది. స్విచ్ ఆపడం చాలదు. స్విచ్ తెరిచిన మిల్లీమీటర్ల ఖాళీని పిడుగు వోల్టేజీ అవలీలగా దాటుతుంది. ప్లగ్గు పూర్తిగా ఊడదీయాలి. కరెంటు తీగతో పాటు ఇంటర్నెట్ తీగను, కేబుల్ టీవీ తీగను, డిష్ తీగను తీయాలి. ఒక మిద్దె నుంచి మరో మిద్దెకు లాగిన రాగి ల్యాన్ తీగ పిడుగు ప్రభావాన్ని నేరుగా రౌటర్‌లోకి, అక్కడి నుంచి మదర్‌బోర్డులోకి తెస్తుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రంలో లాంఛనంగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ వంటి సేవల్లో సమాచారం వచ్చేది గాజు పోగు ద్వారా. గాజు విద్యుత్తును ప్రసరింపజేయదు. అయినా ఇంట్లోని ఫైబర్ పెట్టెకు కరెంటు అడాప్టర్ ఉంటుంది గనుక దాని ప్లగ్గు తీయవలసిందే.

ఈ పనులన్నీ మబ్బు కమ్మినప్పుడే చేయాలి. ఉరుములు దగ్గరపడ్డాక తీగలను తాకరాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. పిడుగు, హై వోల్టేజీల వల్ల కలిగే నష్టం సాధారణంగా వారంటీ కిందికి రాదన్నది కొనేటప్పుడే గుర్తుంచుకోవాలి.

ఎండ వేడి

నేటి ప్రాసెసర్లు సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. మధ్యాహ్నం కంప్యూటర్ నెమ్మదించి, రాత్రి చురుకుగా ఉంటే వైరస్ అనుకోకముందు వేడిని అనుమానించాలి. గది 40 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగినా లోపలి భాగాలను అంతకంటే చల్లబరచలేదు. డెస్క్‌టాప్ పెట్టెను గోడకు కనీసం నాలుగు అంగుళాల దూరంలో, నేలకు ఎత్తులో ఉంచాలి. పక్క తలుపు తీసి వాడితే చల్లగా ఉంటుందన్నది అపోహ. గాలి ప్రవాహం చెదరడమే కాక దుమ్ము నేరుగా లోపలికి చేరుతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు, దిండ్లపై పెట్టరాదు. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో కిటికీ తెరిచి ఉంచి, తడిగాలి యంత్రంపైకి నేరుగా వీచకుండా చూసుకోవాలి.

ఫోన్లకూ హద్దు ఉంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ సంస్థ సూచిస్తోంది. మన వేసవి మధ్యాహ్నం ఆ హద్దుకు పైనే. ఎండలో నిలిపిన కారులో, బైకు ట్యాంకుపై ఫోన్, పవర్‌బ్యాంక్ వదిలివేయరాదు. చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌పై వీడియోలు చూడటం వేడిని పెంచుతుంది. కొన్ని నెలలు వాడకుండా ఉంచే ల్యాప్‌టాప్, ఫోన్ బ్యాటరీలను పూర్తిగా నింపకుండా సగం చార్జితో దాచాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, తిరిగి చార్జి చేయడం అగ్ని ప్రమాదానికి దారితీస్తుంది.

దుమ్ము

ఆషాఢ మాసపు గాలి ఈ సీమకు వరమూ శాపమూ. రామగిరి కొండలపై 1990లలోనే గాలిమరలు నిలిపినది ఈ గాలిని నమ్ముకునే. జూన్ నుంచి ఆగస్టు వరకు బీళ్ల ఎర్రమట్టిని ఇంట్లోకి మోసుకొచ్చేదీ ఇదే. తాడిపత్రిలో బండల పాలిషింగ్ రాతి పొడి, ధర్మవరంలో మగ్గాల నూగు దీనికి తోడు. కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం వద్ద చెప్పులు విప్పించే ఆచారం వెనుక ఉన్నది మర్యాద కాదు, ఈ దుమ్మే.

దుమ్ము ఫ్యాన్ రెక్కలకు, వేడిని వెలువరించే హీట్‌సింక్ పొరల మధ్య అంటుకొని దుప్పటి కప్పినట్లు పనిచేస్తుంది. మూడు నెలలకోసారి, ఆషాఢం ముగిశాక తప్పనిసరిగా శుభ్రం చేయాలి. ప్లగ్గు తీసి, చేతితో ఇనుప భాగాన్ని తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోవాలి. పొడిగాలిలో ఇది మరీ అవసరం. మెత్తని రంగుల కుంచెతో దులిపి, బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకుంటే అతివేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. తడిబట్ట, పెట్రోలు వాడరాదు. ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను రెండు మూడేళ్లకోసారి మార్పించాలి.

తెరపై ఏమీ రాక బీప్ శబ్దాలు మాత్రమే వినిపిస్తే చాలాసార్లు ర్యామ్ పలకల కాళ్ల వద్ద చేరిన దుమ్మే కారణం. ప్లగ్గు తీసి, పలకను వెలికితీసి, దాని బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడిచి తిరిగి బిగిస్తే సరిపోవచ్చు. ఈ పనికి వందలు వెచ్చించనవసరం లేదు.

పాత యంత్రానికి కొత్త సత్తువ

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11 వేయాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 భద్రతా చిప్‌తో పాటు ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. ఐ5-8250 వంటి సంఖ్యలో గీత తర్వాతి అంకె తరాన్ని తెలుపుతుంది. అర్హత లేని యంత్రాన్ని పారవేయనక్కర్లేదు. ఉత్తరాలు, లెక్కలు, ఇంటర్నెట్ పనులకు లినక్స్ ఉచితంగా లభిస్తుంది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌లో తెలుగు కూడా ఉంది.

పాత కంప్యూటర్‌కు మొదట చేయించవలసిన మార్పు ఎస్ఎస్‌డీ. తిరిగే పళ్లెం గల హార్డ్ డిస్క్ సెకనుకు వంద నుంచి నూటయాభై ఎంబీల వరకు చదివితే, సాటా ఎస్ఎస్‌డీ అయిదు వందల ఎంబీలకు పైగా చదువుతుంది. కదిలే భాగాలు లేనందున కుదుపులను తట్టుకుంటుంది, వేడి కూడా తక్కువ. ర్యామ్ పెంచదలచినవారు తమది డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5లలో ఏదో ముందు తెలుసుకోవాలి. ఒకదాని గాడి మరోదానికి సరిపోదు. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో 2025 చివరి నెలల్లో ప్రపంచవ్యాప్తంగా మెమరీ ధరలు బాగా పెరిగాయి. కనుక పాత పలకను తీసివేసినా జాగ్రత్తగా దాచుకోవాలి.

పాతవి కొనేటప్పుడు

బెంగళూరు ఎస్పీ రోడ్డు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల నుంచి వాడిన ల్యాప్‌టాప్‌లు తెచ్చుకునే విద్యార్థులు నాలుగు పరీక్షలు చేయాలి. బ్యాటరీ తొలి సామర్థ్యంతో ప్రస్తుత సామర్థ్యాన్ని పోల్చాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చూడాలి. అరగంట పాటు వీడియో నడిపించి వేడిని గమనించాలి. కొన్నవారి పేరుతో రసీదు తీసుకోవాలి. చార్జర్, అడాప్టర్‌లపై భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య వేస్తే అసలో నకిలీయో తేలుతుంది. సంతల్లో అతి చవకగా అమ్మే పెద్ద సామర్థ్యపు పెన్‌డ్రైవ్‌లలో నకిలీలు అధికం. నింపి చూస్తే తప్ప వాటి బండారం బయటపడదు.

సమాచారం భద్రం

యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. అందులోని సమాచారం కొనగలిగేది కాదు. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలన్నది సాంకేతిక నిపుణులు పాటించే సూత్రం. కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలో ఒకటి ఉంటే చాలు. విడి డిస్క్‌ను నకలు తీసుకున్న వెంటనే కంప్యూటర్ నుంచి వేరుచేయాలి. తగిలించి ఉంచితే ఒకే పిడుగుకు రెండూ పోతాయి. బాగా వాడిన ఎస్ఎస్‌డీని కరెంటు తగలకుండా వేడి గదిలో ఏళ్లకొద్దీ బీరువాలో పెట్టరాదు. అందులోని సమాచారం క్రమంగా చెదిరే అవకాశముంది. దీర్ఘకాల నిల్వకు హార్డ్ డిస్కే నయం.

చెడిన సామగ్రిని ఏంచేయాలి?

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం చెడిన ఎలక్ట్రానిక్ సామగ్రి నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. రాగి కోసం తీగలను కాల్చడం వల్ల విషవాయువులు వెలువడతాయి. సీసంతో కూడిన పాత యూపీఎస్ బ్యాటరీని చెత్తలో వేయక, కొత్తది కొనే దుకాణంలోనే తిరిగి ఇస్తే ధరలో తగ్గింపు కూడా లభిస్తుంది.

నెలల వారీగా చేయవలసినవి

ఫిబ్రవరి, మార్చి: ఎర్తింగ్ పరీక్ష. యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడటం. థర్మల్ పేస్ట్, ఫ్యాన్ల తనిఖీ.

ఏప్రిల్, మే: ఎర్త్ గుంతకు నీళ్లు. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్. మబ్బు పట్టగానే అన్ని ప్లగ్గులు, తీగలు తీయడం.

జూన్ నుంచి ఆగస్టు: గాలి వచ్చే వైపు కిటికీ మూసి ఉంచడం. పని ముగించి, యంత్రం చల్లారిన తర్వాతే గుడ్డ కప్పడం. గాలులు తగ్గాక లోపల శుభ్రం చేయడం.

సెప్టెంబరు, అక్టోబరు: పిడుగుల జాగ్రత్తలు కొనసాగించడం. అన్ని ఫైళ్ల నకళ్లు తీయడం.

నవంబరు నుంచి జనవరి: వాతావరణం చల్లగా ఉండే ఈ నెలల్లో ఎస్ఎస్‌డీ, ర్యామ్ మార్పులు, కొత్త ఎర్త్ గుంతల పని పూర్తిచేసుకోవడం.

కొత్త కంప్యూటర్‌కు డబ్బు సమకూర్చుకునేవారు ఈ వరుసను పాటిస్తే మేలు. మొదట ఎర్తింగ్, తర్వాత ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్, ఆపై యూపీఎస్, నకళ్లకు ఒక విడి డిస్క్. మిగిలిన సొమ్ముతో ప్రాసెసర్ ఎంచుకోవాలి. ఒక మెట్టు తక్కువ ప్రాసెసర్‌తోనైనా చదువు, వ్యాపారం సాగుతాయి. ఎర్త్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన యంత్రానికైనా భరోసా ఉండదు.